మత్తు దిగాక...

పోయిన నెల మా వదినకి గర్భసంచి ఆపరేషన్ అయింది. వదినంటే మా వారి అక్కయ్య, అవనిగడ్డలో ఉంటుంది. రెండేళ్ళుగా గడ్డలు, ఆగని బ్లీడింగు. హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. మందులు వాడి వాడి, ఇద్దరు డాక్టర్లకి చూపించుకుని, ఇంక తప్పదంటేనే ఒప్పుకుంది. రక్తం ఎక్కించి 10 దాటించాక, విజయవాడలో ఆపరేషన్‌కి రోజు పెట్టారు.

ఆ వారమంతా మా ఇంట్లో ఇవే మాటలు. అమావాస్య వెళ్ళాక పెట్టుకుంటే బాగుండేదేమో అని ఒకరు, ఏసీ రూము తీసుకుందామా మామూలుది చాలా అని ఒకరు, క్యారేజీ ఎవరు పంపాలి, రాత్రిళ్ళు పక్కన ఎవరు పడుకోవాలి అని ఇంకొకరు. మా అత్తయ్య మాత్రం ఒకటే మాట పట్టుకున్నారు. "అమ్మాయ్, మిగతావన్నీ మీ ఇష్టం. నడుంలో ఇంజెక్షన్ మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. జన్మంతా నడుం పట్టేస్తుంది. పూర్తిగా మత్తిచ్చి చేసెయ్యమనండి, దానికేమీ తెలీకుండా అయిపోతుంది."

ఆ "ఏమీ తెలీకుండా" అన్న మాట దగ్గర నా ప్రాణం చివుక్కుమంది. పదకొండేళ్ళ కిందట మా అమ్మకి ఇదే ఆపరేషన్ జరిగినప్పుడు అచ్చం ఇదే మాట అన్నది నేనే.

మా పుట్టిల్లు చల్లపల్లి దగ్గర పల్లెటూరు. అప్పటికి అమ్మకి యాభై రెండేళ్ళు. ఒక చిన్న నర్సింగ్ హోములో చేర్చాం. థియేటర్ తలుపు దగ్గర ఒకాయన వచ్చి "నడుంకి ఇద్దామా, పూర్తి మత్తా?" అని అడిగారు. ఆయనే మత్తు డాక్టరని నాకు తర్వాత తెలిసింది. పెద్దమ్మ, పిన్ని, నేను ముగ్గురం ఒక్కసారే "నడుంకి వద్దండీ, పూర్తిగా ఇచ్చెయ్యండి, ఆవిడకేమీ తెలియకూడదు" అన్నాం. స్ట్రెచర్ మీద ఉన్న అమ్మని ఎవ్వరం అడగలేదు. కాగితం మీద సంతకం నాన్న పెట్టారు.

నిజమే, ఆపరేషన్ జరిగినంతసేపూ అమ్మకేమీ తెలియలేదు. సాయంత్రం నాలుగింటికి మెలకువ వచ్చాక అన్నీ ఒక్కసారే తెలిశాయి. నర్సమ్మ దగ్గరికి పరిగెత్తితే "ఇప్పుడే ఒకటి ఇచ్చాం కదమ్మా, మళ్ళీ రాత్రి పదింటికి. ఆపరేషన్ అన్నాక నొప్పుండదా? ఓర్చుకోవాలి" అంది. నేనూ వెనక్కొచ్చి అదే అన్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని, "ఓర్చుకో అమ్మా, తెల్లారేసరికి తగ్గిపోతుంది" అన్నాను. అమ్మ మంచం కమ్మీ పట్టుకుని పళ్ళ బిగువున పడుకుంది. కుట్లు లాగుతాయని దగ్గు కూడా ఆపుకుంది. రెండ్రోజులు లేచి నాలుగడుగులు వెయ్యలేదు. గుండెల్లో కఫం చేరి జ్వరం పట్టుకుంది. నాలుగు రోజుల్లో ఇంటికి రావాల్సిన మనిషి తొమ్మిది రోజులు ఉండాల్సి వచ్చింది.

అమ్మ ఆ తర్వాత ఎవరినీ ఒక్క మాట అనలేదు. కానీ ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి, చిప్పలు మార్చాలని డాక్టర్లు చెప్పినా, మూడేళ్ళుగా "ఇంకో ఆపరేషన్ నా వల్ల కాదు" అంటూ చేతికర్రతో ఈడ్చుకుంటూ తిరుగుతోంది. ఆవిడకి కత్తంటే భయం లేదు. ఆ రాత్రంటే భయం.

అందుకే వదిన విషయంలో నేను మొండికేశాను. ఆపరేషన్‌కి ముందే మత్తు డాక్టరుతో కూర్చుని మాట్లాడి తీరాలన్నాను. "పెద్ద డాక్టరుగారికి కోపమొస్తుందేమో" అని మా వారు నసిగారు. "ఇన్ని వేల ఆపరేషన్లు చేసినవాళ్ళకి మనం చెప్పేదేముంటుంది?" అన్నారు వదిన భర్త అన్నయ్యగారు. చెప్పడానికి కాదండీ, అడగడానికి అన్నాను. తీరా వెళ్ళి అడిగితే ఆపరేషన్ చేసే డాక్టరుగారు ఏమీ అనుకోలేదు. "అడగడమే మంచిది" అని ముందురోజు మధ్యాహ్నం మత్తు డాక్టరమ్మ దగ్గరికి పంపించారు.

ఆ ఇరవై నిమిషాల్లో నాకు తెలిసినవి ఇక్కడ రాస్తున్నాను. ఇది వైద్యం చెప్పడం కాదు. మీ ఇంట్లో ఆపరేషన్ ఉన్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి మాత్రమే.

మొదటిది, నేను ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నది: నిద్రపుచ్చే మందు వేరు, నొప్పి తగ్గించే మందు వేరు. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు మెదడు నిద్రపోతుంది. కోసిన చోటి నుంచి నరాలు మాత్రం వెన్నుపాముకి కబుర్లు పంపుతూనే ఉంటాయి. అందుకే నిద్ర మందుతోపాటు నొప్పి మందు కూడా విడిగా ఇస్తారు. ఫెంటానిల్ లాంటివి బాగా పనిచేస్తాయిగానీ వాటి పని త్వరగానే అయిపోతుంది. మెలకువ వచ్చే సమయానికి వాటి తర్వాత అందుకునే మందు ఏదీ పెట్టి ఉంచకపోతే, మనిషి లేవడమే నొప్పిలోకి లేస్తుంది. అమ్మకి జరిగింది బహుశా అదే అయ్యుంటుంది.

ఆ కబుర్లు గంటల తరబడి వెళ్తూ ఉంటే వెన్నుపాములోని నరాలు రెచ్చిపోతాయట. అప్పుడు చిన్న నొప్పి కూడా పెద్దగా తెలుస్తుంది. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాక మంట తగ్గిస్తే ఏం లాభం? పొంగు వస్తుండగానే తగ్గించాలి. నొప్పి మందూ అంతే. బాగా ముదిరాక ఇస్తే ఎక్కువ మోతాదు కావాలి, ఆలస్యంగా పట్టుకుంటుంది. ఆపరేషన్ అయ్యాక నొప్పి విపరీతంగా ఉన్నవాళ్ళలో కొందరికి ఆ నొప్పి నెలల తరబడి ఉండిపోయే ప్రమాదం కూడా ఎక్కువట. వినగానే నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

రెండోది, నడుంకి ఇచ్చే ఇంజెక్షన్. దాన్ని స్పైనల్ అంటారు. వెన్నెముక ఎముకల సందులోంచి సన్నని సూదితో మందు వేస్తే నడుం కింద భాగం రెండు మూడు గంటలపాటు మొద్దుబారిపోతుంది. కోసిన కబురు పైకి వెళ్ళే దారే మూసుకుంటుంది. మెలకువగా ఉండటం భయమైతే కునుకు పట్టేలా కొంచెం మందు ఇస్తారు. అందులోనే చాలా చిన్న మోతాదు మార్ఫిన్ కలిపితే, మొద్దు వదిలిపోయాక కూడా 12 నుంచి 24 గంటల వరకూ నొప్పి అదుపులో ఉంటుంది. దానికి దురద, వాంతులు రావచ్చు. ఊపిరి మందగించే అవకాశం కొంచెం ఉంటుంది కాబట్టి ఆ రాత్రంతా కనిపెట్టుకుని చూడాలి. ఈ మందు అన్ని ఊళ్ళలోనూ దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ తెప్పించుకోవడానికి అనుమతుల బాధ చాలా ఉండేది. 2014లో ఆ చట్టాన్ని సవరించి కొంత సులువు చేశారు. అయినా చిన్న ఆసుపత్రులు చాలావరకూ దాని జోలికి పోవు.

మూడోది, పూర్తి మత్తు ఇచ్చినా దారులు మూసుకుపోవు. పొట్ట కండరాల మధ్యలో స్కానింగ్ చూస్తూ మొద్దు మందు వెయ్యొచ్చు. కుట్లు వేసేటప్పుడు గాయం అంచుల్లోనే మందు ఎక్కించొచ్చు. చిన్న మోతాదులో కెటామిన్ ఇస్తే తర్వాత నొప్పి తగ్గుతుంది. పారాసెటమాల్ లాంటి మామూలు మందు కూడా "నొప్పొస్తే ఇద్దాం" అని ఊరుకోకుండా గంటల ప్రకారం ఇస్తే చాలా పని చేస్తుంది. ఇంకో వింత విన్నాను. రెమిఫెంటానిల్ అనే గట్టి నొప్పి మందు ఆపరేషన్‌లో పెద్ద మోతాదులో నడిపితే, అది దిగిపోయాక నొప్పి మామూలుకంటే ఎక్కువ తెలుస్తుందట! అంటే లోపల ఏ మందు ఎంత ఇచ్చారన్నది బయటికి వచ్చాక మన రాత్రిని నిర్ణయిస్తుంది.

ఇవన్నీ విని నడుంకి ఇచ్చేదే మంచిదని నేను తీర్పు చెప్పేస్తున్నానని అనుకోకండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి, ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్ళకి, సూది వేసే చోట ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి, రక్తం విపరీతంగా పోతున్నవాళ్ళకి అది పనికిరాదు. లాపరోస్కోపీ ఆపరేషన్లు ఎక్కువగా పూర్తి మత్తులోనే చేస్తారు. (ఆ ఆపరేషన్ తర్వాత భుజం నొప్పి వస్తే గుండెనొప్పేమోనని కంగారు పడిపోతారు చాలామంది. పొట్టలోకి ఎక్కించిన గ్యాసు వల్ల వచ్చే నొప్పి అది, సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో పోతుంది. అయినా సిస్టర్‌కి చెప్పడం మానకండి.) ఎవరికి ఏది సరిపోతుందో తేల్చాల్సింది ఆ చదువు చదివినవాళ్ళే. కాకపోతే తేల్చేటప్పుడు మత్తు దిగాక ఏంటన్నది కూడా లెక్కలో ఉండాలి. ఆ మాట ఎత్తాల్సింది మనం.

ఇక అత్తయ్య భయం సంగతి. మీలో ఎంతమందికి సిజేరియన్ అయింది? ఎంతమంది నడుం నొప్పి వచ్చినప్పుడల్లా "ఆ ఇంజెక్షన్ వల్లే" అన్నారు? నేనైతే పధ్నాలుగేళ్ళు అన్నాను. మా అబ్బాయి పుట్టినప్పుడు నాకు స్పైనలే ఇచ్చారు. బిందెడు నీళ్ళెత్తి నడుం పట్టేసినా, మిషను ముందు మూడు గంటలు వంగి కూర్చుని జాకెట్లు కుట్టినా తిట్లన్నీ ఆ సూదికే. చెప్పొద్దూ, పని తప్పించుకోవడానికి కూడా ఒకట్రెండుసార్లు వాడుకున్నాను.

డాక్టరమ్మ నవ్వి, ఇది రోజూ వినే మాటేనంది. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు సలుపు ఉండొచ్చు. కానీ ఏళ్ళ తరబడి ఉండే నడుం నొప్పికి ఆ ఇంజెక్షన్ కారణమని పరిశోధనల్లో తేలలేదు. కడుపుతో ఉన్నప్పుడు బరువుకి నడుం ముందుకి వంగుతుంది, కీళ్ళ పట్లు వదులవుతాయి. కాన్పయ్యాక బిడ్డని ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం, నిద్ర లేకపోవడం. మామూలు కాన్పయిన ఆడవాళ్ళకి మాత్రం నడుం నొప్పులు లేవూ?

నిజంగా చూసుకోవాల్సింది తలనొప్పిని. సూది రంధ్రంలోంచి వెన్నులోని నీరు కొద్దిగా కారితే, లేచి కూర్చుంటే విపరీతంగా, పడుకుంటే తగ్గిపోయే తలనొప్పి వస్తుంది. వయసులో ఉన్న ఆడవాళ్ళకి, బాలింతలకి ఎక్కువ. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ అనే డాక్టరు ఈ పద్ధతిని మొదలుపెట్టినప్పుడు తన మీద కూడా ప్రయత్నించుకుని, ఆ తలనొప్పితో కొన్ని రోజులు మంచమెక్కాడట! ఇప్పుడు సూదులు చాలా సన్నబడ్డాయి, మొన తీరు మారింది, ఆ బాధ బాగా తగ్గింది. వచ్చినా వైద్యం ఉంది. "బాలింత తలనొప్పిలే" అని తలకి గుడ్డ కట్టి ఊరుకోకుండా డాక్టరుకి చెప్పాలి.

ఇది ఆడవాళ్ళ సంగతని ఎందుకంటున్నానంటే, కోతలు మనకే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు, తెలంగాణలో 60 పైచిలుకు. దేశం మొత్తం మీద 21 మాత్రమే. గర్భసంచి తీయించుకున్నవాళ్ళ లెక్కలోనూ మనమే ముందు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశంలో నూటికి మూడు మందైతే మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది. ఇన్ని కోతలు అవసరమా అన్నది వేరే పెద్ద ప్రశ్న, ఇంకోసారి రాస్తాను. కానీ ఇన్ని లక్షలమంది ఆ బల్ల ఎక్కి దిగుతున్నప్పుడు, దిగాక వాళ్ళ రాత్రి ఎలా గడిచిందని లెక్క రాసేదెవరు?

మగవాళ్ళకి నొప్పొస్తే ఇల్లంతా కదులుతుంది. మనకొస్తే "పురుటి నొప్పులే ఓర్చుకున్నదానివి, ఇదొక లెక్కా?" అంటారు. అనేది ఎవరో కాదు, ఎక్కువగా మనమే. అమ్మతో నేను అన్నాను. నాతో మా అత్తయ్య అన్నారు. ఆవిడతో ఆవిడ అత్తగారు అనే ఉంటారు. ఓర్పు మంచి గుణమే, కాదనను. కానీ ఓర్చుకున్నందుకు దగ్గు ఆపుకుని కఫం చేరితే, నడవక కాళ్ళలో రక్తం గడ్డకడితే, బిడ్డని ఒడిలోకి తీసుకోలేక పాలు పట్టలేకపోతే, ఆ ఓర్పు వల్ల ఎవరికి మేలు?

మత్తు డాక్టరుని మనం అసలు డాక్టరుగానే లెక్కెయ్యం. ఆపరేషన్ చేసినాయన పేరు మనవలకి కూడా చెబుతాం. మత్తిచ్చినవాళ్ళ పేరు బిల్లులో తప్ప చూడం. కానీ ఆపరేషన్ జరిగినంతసేపూ మన ఊపిరి, గుండె, రక్తపోటు చూస్తూ తల దగ్గర కూర్చునేది వాళ్ళే. ఈ పనికి మన తెలుగునేల మీద పాత చరిత్రే ఉంది. 1888, 1889లలో హైదరాబాదులో నిజాం ప్రభువు ఖర్చుతో, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు ఆధ్వర్యంలో, క్లోరోఫామ్ మత్తు ప్రమాదమా కాదా అని రెండు కమిషన్లు వేసి పరీక్షించారు. మత్తిచ్చేటప్పుడు ఊపిరిని కనిపెట్టుకుని ఉండమని వాళ్ళు గట్టిగా చెప్పారు. గుండెకి ప్రమాదం లేదన్న వాళ్ళ మాట మాత్రం తర్వాత నిలబడలేదు. ఆ పనిలో పాలుపంచుకున్నవాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ అమ్మాయి ఉంది. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి, అక్కడి ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి మత్తు డాక్టరుగా పనిచేసింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆవిడొకరని చెబుతారు. నూట ముప్ఫై ఏళ్ళ కిందటే ఒక ఆడది మత్తిచ్చిన నేల ఇది. ఇప్పటికీ మనం మత్తు డాక్టరుతో మాట్లాడటానికి మొహమాటపడుతున్నాం.

చిన్న ఊళ్ళలో ఒక చిక్కుంది, ఒప్పుకుంటాను. నర్సింగ్ హోముల్లో చాలాచోట్ల మత్తు డాక్టరు అక్కడే ఉండరు. పిలిస్తే వచ్చి, ఇచ్చి, ఇంకో చోటికి పరిగెత్తాలి. వాళ్ళని ముందురోజు కలవాలంటే కుదరకపోవచ్చు. అలాంటప్పుడు కనీసం ఫోనులో ఐదు నిమిషాలు మాట్లాడించమని అడగొచ్చు. మన బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అలాంటి చోట ఆపరేషన్‌కి ముందు ప్రతి ఆడమనిషినీ కూర్చోబెట్టి, తెలుగులో, ఆమెతోనే మాట్లాడే పద్ధతి పెడితే దివిసీమ నుంచి పెడన దాకా ఎంతమందికి మేలు! మన పేదింటి అక్కచెల్లెళ్ళు "నడుంకా, పూర్తిగానా?" అన్న ప్రశ్నకి స్ట్రెచర్ మీద జవాబు చెప్పాల్సిన పని ఉండదు.

మేం అడిగినవి ఐదే ప్రశ్నలు. రాసిపెట్టుకోండి. ఈ ఆపరేషన్‌కి ఏయే మత్తులు కుదురుతాయి, ఈవిడకి మీరేది అనుకుంటున్నారు, ఎందుకు? మత్తు వదిలాక మొదటి రాత్రి నొప్పికి ఏం ఏర్పాటు చేస్తున్నారు? ఆ మందులు గంటల ప్రకారం రాస్తారా, అడిగితేనే ఇస్తారా? రాత్రి పన్నెండింటికి నొప్పి ఎక్కువైతే ఎవరికి చెప్పాలి? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే పిలవాలి? మన వైపు నుంచి చెప్పాల్సినవీ ఉన్నాయి. వాడుతున్న మందులు, పడని మందులు, పాత ఆపరేషన్లలో ఏం జరిగిందో, ఆయుర్వేదం గోళీలతో సహా ఏదీ దాచకూడదు. ఇంకోటి, ఇది పేషెంటే మాట్లాడాల్సిన విషయం. వాళ్ళాయన కాదు, అత్తగారు కాదు, నేనూ కాదు.

వదిన తనే మాట్లాడింది. అన్నీ విని, "నాకు భయమే డాక్టరుగారూ, అయినా నడుంకే ఇవ్వండి, కొంచెం నిద్ర కూడా పట్టేలా చూడండి" అంది. అత్తయ్యకి ఫోన్ చేసి చెబితే రెండు నిమిషాలు మాట్లాడలేదు. "తర్వాత నడుం నొప్పంటే నా దగ్గరికి రావద్దు" అని పెట్టేశారు.

ఆ రాత్రి పక్కన నేనే ఉన్నాను. అద్భుతమేమీ జరగలేదు. సాయంత్రం ఒకసారి వాంతయింది. మొహమంతా ఒకటే దురద, గోకి గోకి ముక్కు ఎర్రబడింది. సిస్టర్ వచ్చి మందిచ్చింది. గంట గంటకీ ఊపిరి, నాడి చూసి రాసుకుంది. సున్నా నుంచి పది వరకూ నొప్పెంతో చెప్పమ్మా అంటే వదిన "మూడు... కాదు, నాలుగు" అంది. పక్కకి తిరిగినప్పుడు "అబ్బా" అంది. కానీ మాట్లాడింది, మంచినీళ్ళు అడిగింది, మధ్యలో నిద్రపోయింది కూడా. పొద్దున్న పదింటికి నా భుజం పట్టుకుని బాత్రూము దాకా నడిచింది. ఐదో రోజు ఇంటికొచ్చేసింది. రెండో రోజు రాత్రి మాత్రం మార్ఫిన్ పని అయిపోయాక నొప్పి పెరిగింది. మాత్ర టైముకి వేసుకోకుండా "ఇప్పుడు బానే ఉందిగా" అని వాయిదా వేసింది మరి. నొప్పి లేనప్పుడే మాత్ర వేసుకోవాలన్నది ఆ రాత్రి ఇద్దరం నేర్చుకున్నాం.

మొన్న ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్ళాను. వదిన సంగతంతా చెప్పాను. దురద, వాంతి కూడా దాచకుండా చెప్పాను. పదకొండేళ్ళలో మొదటిసారి, "ఆ రోజు నిన్ను అడక్కుండా మేమే చెప్పేశాం అమ్మా, రాత్రంతా ఓర్చుకోమన్నాను, తప్పు నాదే" అన్నాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు. "నీకు మాత్రం ఏం తెలుసులే అప్పుడు" అంది.

కాసేపు ఊరుకుని, మోకాలు చేత్తో రాసుకుంటూ అడిగింది.

"మోకాలికైనా అలాగే ఇస్తారా? ముందురోజే కూర్చోబెట్టి మాట్లాడతారా?"

"మాట్లాడించకపోతే నేను ఊరుకుంటానా?" అన్నాను.

సరే అనలేదు. కాదనీ అనలేదు. చిక్కుడుకాయల గిన్నె నా వైపు జరిపింది.